భయం అనుకున్నాను, కాదు: మాంసం మానేసిన పన్నెండేళ్ల పాప కేసు

ఈ కేసు రాయడానికి పాప తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. పాపను విడిగా అడిగాను. కాసేపు ఆలోచించి, "రాయండి మేడం, కానీ చుక్క పేరు మాత్రం మార్చకండి" అంది. అందుకని ఆ మేకపిల్ల పేరు అలాగే ఉంచాను. ఊరు, ఇంట్లోవాళ్ల పనులు, గుర్తుపట్టడానికి వీలున్న మిగతా వివరాలు మార్చాను.

పిల్లల మానసిక నిపుణురాలిగా పదిహేనేళ్లకు పైగా పనిచేస్తున్నాను. "మా పిల్ల ఏమీ తినట్లేదు" అంటూ వచ్చే కేసులు నాకు కొత్త కాదు. అలవాటైన కేసే కదా అనుకోవడం వల్ల మొదట తప్పు చేశాను. దాన్ని దిద్దుకోబోయి ఇంకో తప్పు చేశాను. మాంసం తినే ఇంట్లో ఒక పిల్ల "నేను తినను" అంటే ఆ మాట వెనక ఏముందో పోల్చుకోవడం ఎంత అవసరమో ఈ పాప దగ్గరే నేర్చుకున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేపథ్యం

ఉత్తర తెలంగాణలో ఒక చిన్న పట్నం అంచున ఇల్లు. నాన్న ఆటో నడుపుతారు. అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. పాప ప్రభుత్వ బడిలో ఏడో తరగతి, తమ్ముడు మూడో తరగతి. నానమ్మకు అరవై దాటాయి. ఇంటి వెనక రేకుల కొట్టంలో ఎప్పుడూ నాలుగైదు మేకలుంటాయి. అవి ఆవిడ సొంతం. ఏడాదికి ఒకటో రెండో పోతుల్ని అమ్ముతుంది. ఒక పోతు అమ్మితే ఆ ఇంటికి నెల కిరాణా వెళ్లిపోతుంది. ఈ లెక్క ముందే చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత దీనితో పని ఉంది.

సంక్రాంతి దాటాక ఒక మేక రెండు పిల్లల్ని ఈనింది. రెండోది బక్కది, తల్లి దగ్గరకు రానివ్వలేదు. నానమ్మ పాలపీక తెచ్చి పాప చేతికిచ్చింది. నుదుటి మీద తెల్ల మచ్చ ఉందని చుక్క అని పేరు పెట్టుకున్నారు. పాప బడి నుంచి వచ్చేసరికి గేటు దగ్గర నిలబడేదట. దారిలో తుమ్మకాయలు ఏరి స్కూల్ బ్యాగు ముందు జేబులో వేసుకొచ్చేది. జాతరలో కొన్న చిన్న గజ్జెను దాని మెడకు కట్టింది.

దసరా ముందురోజు పిల్లలిద్దరినీ మేనత్త ఇంటికి పంపారు. పండగనాడు మధ్యాహ్నం పాప తిరిగొచ్చేసరికి కొట్టంలో చుక్క లేదు. "అంగట్ల అమ్మినం" అన్నారు. పాప ఏడ్చింది. అమ్మ బుజ్జగించి అన్నానికి కూర్చోబెట్టింది. నాలుగు ముద్దలు తిన్నాక తమ్ముడు, "అక్కా, ఇది చుక్కనే" అన్నాడు. వాడు పొద్దున్నే నాన్నతో ముందుగా ఇంటికొచ్చి, వాకిట్లో పోగులు పెట్టడం చూశాడు. పాప లేచి వెనక్కి వెళ్లింది. గజ్జె, తాడుతో సహా, కొట్టం మేకుకు వేలాడుతోంది.

ఆ రోజు నుంచి మాంసం ముట్టలేదు.

నా దగ్గరకు వచ్చేసరికి

ఫిబ్రవరిలో తీసుకొచ్చారు. బడిలో ప్రార్థన సమయంలో కళ్లు తిరిగి పడిపోయింది. బరువు 32.5 కిలోలు. దసరాకు ముందు 36 ఉండేదని అమ్మ చెప్పింది. హిమోగ్లోబిన్ 9.4. ఆ వయసు ఆడపిల్లలకు కనీసం 12 ఉండాలి. బీ12 కూడా అంచు మీదే ఉంది. ఇంట్లో మాంసం వండితే వాసనకే వాంతి చేసుకుంటోంది. పెరుగన్నం, మామిడికాయ పచ్చడి, బిస్కెట్లు తప్ప ఏమీ తినట్లేదు. నానమ్మతో మాట్లాడటం పూర్తిగా మానేసింది.

అప్పటికే ఇంట్లో చేయాల్సినవన్నీ చేశారు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు, తిట్టారు, బతిమాలారు. నాన్న ఒకసారి కోపంతో కంచం విసిరేశారు. అమ్మ మటన్ చారు తీసి పప్పులో కలిపి పెట్టింది. ఈ చివరి సంగతిని అమ్మ మొదటి రోజు చాలా మామూలుగా, బలం రావాలని చేసిన ఉపాయంగా చెప్పింది. నేను కూడా దాన్ని మామూలుగానే రాసుకున్నాను. అక్కడే ఆగి ఉండాల్సింది.

మొదట నేను తేల్చుకోవాల్సింది, సన్నబడాలన్న కోరికతో తిండి మానే జబ్బు ఇందులో ఉందా అని. లేదు. బరువు తగ్గినందుకు పాపకు బాధగానే ఉంది. పరిగెత్తలేకపోతోందని ఖోఖో జట్టులోంచి తీసేశారని చెప్తూ ఏడ్చింది. అద్దం గురించి, లావు గురించి అడిగితే నా వైపు వింతగా చూసింది. డిప్రెషన్ లక్షణాలు కొన్ని కనిపించాయి గానీ, బడిలో చదువు తగ్గలేదు, స్నేహితులతో బాగానే ఉంది.

మిగిలింది ఆర్ఫిడ్. అంటే లావు భయం లేకుండానే, వాసన పడకో, ఏదో ఒక చేదు అనుభవం వల్లో తిండిని దూరం పెట్టే సమస్య. మానసిక జబ్బుల్ని వర్గీకరించే అమెరికన్ గ్రంథం డీఎస్ఎం-5లో 2013లో చేరింది. ఒక సంఘటన జరగడం, ఆ తర్వాత వాసనకే వాంతి రావడం, రకరకాల పదార్థాలు మానుకుంటూ పోవడం, అన్నీ సరిపోయినట్టు అనిపించింది. భయాన్ని మెల్లమెల్లగా ఎదుర్కోనిచ్చే పద్ధతి మొదలుపెట్టాను.

తప్పిన మొదటి దారి

నాలుగు సెషన్లు చేశాం. మొదట కూర ఫోటోలు చూడటం, తర్వాత మటన్ దుకాణం ఉన్న వీధిలో నడవడం, తర్వాత మూత పెట్టిన గిన్నె ఎదురుగా కూర్చోవడం. భయంతో వచ్చే పిల్లల్లో ఈ మెట్లు ఎక్కేకొద్దీ టెన్షన్ తగ్గడం కనిపిస్తుంది. ఈ పాపలో టెన్షన్ లేనే లేదు. చెప్పినవన్నీ చేసింది. గిన్నె ముందు చేతులు కట్టుకుని కూర్చుంది, బడిలో శిక్ష పడిన పిల్ల కూర్చున్నట్టు. మూడో సెషన్ చివర అడిగింది:

"మేడం, నాకు భయం లేదు. తినుడు తప్పు అనిపిస్తుంది. తప్పు అనిపించేదాన్ని అలవాటు చేసుకోవాల్నా?"

దానికి జవాబు చెప్పలేకపోయాను. అయినా అప్పుడే ఆపకుండా ఇంకో సెషన్ చేశాను. పద్ధతిని సగంలో వదిలేయకూడదని సమర్థించుకున్నాను. ఆ వారం పాప పెరుగన్నం కూడా తగ్గించింది. బరువు ఇంకో 600 గ్రాములు పడింది. అప్పుడు ఆపాను.

ఆ పాప మాటతో నోట్స్ మొత్తం మళ్లీ చదివాను. మొదట పట్టుకున్నది తేదీల్ని. నవంబరులో బడిలో ఆరోగ్య పరీక్ష చేసినప్పుడు రాసిన కార్డు అమ్మ దగ్గర ఉంది. అందులో బరువు 35.8. అంటే మాంసం మానేసిన నెలన్నర తర్వాత కూడా పాప దాదాపు మునుపటి బరువే ఉంది. పప్పు, కూరలు, చారు అన్నీ తింటూనే ఉంది. పడిపోవడం డిసెంబరులో మొదలైంది. డిసెంబరులో ఏం జరిగిందని అడిగితే అమ్మ చాలాసేపు గుర్తు చేసుకుని, "పప్పుల చారు కలిపింది అప్పుడే" అంది.

కేసు మొత్తం అక్కడ తిరగబడింది. మాంసం మానేయడం వల్ల పాప చిక్కిపోలేదు. పప్పులో మటన్ చారు ఉందని తెలిసిన రోజు నుంచి, ఇంట్లో వండిన ఏ కూరనూ నమ్మలేక చిక్కిపోయింది. బిస్కెట్ ప్యాకెట్ ఎందుకు తింటోందో అప్పుడు అర్థమైంది. అది సీల్ వేసి ఉంటుంది. పెరుగు తనే తోడు వేసుకుంటోంది. మనం రుచి గురించి, పోషకాల గురించి ఆలోచిస్తుంటే ఆ పిల్ల ఎవరూ చెయ్యి పెట్టని తిండి కోసం వెతుక్కుంటోంది.

మరి వాంతి? అసహ్యం వల్ల మాంసం మానేసిందని నేను అనుకున్నాను. పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 1997లో శాకాహారుల మీద చేసిన అధ్యయనంలో, ఆరోగ్యం కోసం మానేసినవాళ్ల కంటే నైతిక కారణంతో మానేసినవాళ్లకు మాంసం అంటే ఎక్కువ అసహ్యం ఉన్నట్టు తేలింది. ఒకసారి తప్పు అనుకున్నాక ఒళ్లు కూడా దానికి తగ్గట్టే స్పందిస్తుంది. ఈ పాపలో వాంతులు దసరా రోజున మొదలుకాలేదు, మూడు వారాల తర్వాత మొదలయ్యాయి. నేను కారణం అనుకున్నది నిజానికి ఫలితం.

తప్పిన రెండో దారి

ఇప్పుడు తప్పు తెలిసింది కాబట్టి రెండో వైపుకు పరిగెత్తాను. అమ్మానాన్నల్ని పిలిచి, ఇది జబ్బు కాదు, పాప నమ్మకం, దాన్ని గౌరవించండి, మాంసం లేకుండా కూడా ఆరోగ్యంగా ఉండొచ్చు అని చెప్పాను. మాటలన్నీ నిజమే. కానీ అవి ఆ ఇంట్లో ఎలా వినిపిస్తాయో నేను ఆలోచించలేదు.

అదే సమయంలో బడిలో ఒక టీచర్ పాపను నిలబెట్టి, "చూడండి, ఎంత మంచి అమ్మాయో, జీవహింస మానేసింది" అని క్లాసులో మెచ్చుకున్నారు. మంచి మనసుతోనే అన్నారు. పాప ఇంటికొచ్చి తమ్ముణ్ణి రాక్షసుడు అంది. నానమ్మ వైపు చూడకుండా, "చంపినోళ్ల చేతి నీళ్లు కూడా నాకొద్దు" అంది. నానమ్మ ఆ రోజు నుంచి పాప ఎదురుగా అన్నం తినడం మానేసింది.

రెండు వారాల తర్వాత నాన్న ఒక్కరే వచ్చారు. కుర్చీలో కూర్చోకుండానే అన్నారు: "మేడం, మీరు బిడ్డది కరెక్టే అన్నారు. మరి మేం ఏం తప్పు చేసినట్టు? తాతల కాడి నుంచి తింటున్నం."

కూర్చోమని, నీళ్లిచ్చి, ఆయన్ను మాట్లాడనిచ్చాను. పెళ్లయిన కొత్తలో పట్నంలో గది అద్దెకు వెతుక్కున్నారట. మూడు ఇళ్లలో అన్నీ ఒప్పుకున్నాక, మాంసం వండుతారా అని అడిగి తలుపు వేశారు. నాలుగో ఇంట్లో వండనని ఒప్పుకుని చేరారు. ఒకసారి ఎండుచేపలు వేయించినందుకు సామాను బయట పెట్టించారు. "గప్పుడు ఆ ఇంటామె ఎట్ల చూసిందో, ఇప్పుడు నా బిడ్డ నన్ను అట్లనే చూస్తున్నది" అన్నారు. గొంతు పూడుకుపోయింది.

ఈ కోణం నాకు ముందే తట్టి ఉండాల్సింది. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ ఎస్ఆర్ఎస్ (శాంపుల్ రిజిస్ట్రేషన్ సిస్టం) సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు, ఆ పైబడిన జనంలో 98 శాతానికి పైగా మాంసాహారులే. అయినా మన దగ్గర మాంసం తినకపోవడం అనేది జీవాల మీద దయ ఒక్కటే కాదు. దానికి కులం అంటుకుని ఉంది, ఎక్కువ తక్కువలు అంటుకుని ఉన్నాయి. "నీచు" అనే మాట కూరకు వాడుతూనే మనిషికీ వాడేస్తాం. పాప మనసులో ఉన్నది చుక్క ఒక్కటే. నాన్నకు వినిపించింది మాత్రం ఆ ఇంటామె గొంతు. పాప నమ్మకాన్ని సమర్థించేటప్పుడు ఆ గొంతుకు నా గొంతు కూడా కలిపానని ఆయన మాటలతో తెలిసింది.

పాప నోటి వెంట "రాక్షసుడు", "చంపినోళ్లు" అన్న మాటలు ఎందుకొచ్చాయి? నమ్మకం ఉన్నవాళ్లంతా ఎదుటివాళ్లను దోషులుగా చూస్తారా? హార్వర్డ్‌కు చెందిన కరెన్ హస్సర్, పాల్ హారిస్ 2010లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ నాకు దారి చూపింది. మాంసం తినే కుటుంబాల్లో పుట్టి, తమంతట తాము మానేసిన 6 నుంచి 10 ఏళ్ల పిల్లల్ని వాళ్లు కలిశారు. ఆ పిల్లలు చెప్పిన కారణం జంతువుల బాధే. కానీ అలాంటి నియమం పెట్టుకోని ఇతరులు మాంసం తింటే వాళ్లను చెడ్డవాళ్లు అనలేదు. అంటే నమ్మకమూ నిందా ఎప్పుడూ కలిసే రావాలని లేదు. మరి ఈ పాపలో నింద ఎక్కడి నుంచి వచ్చింది? "అమ్మినం" అన్న అబద్ధం నుంచి, పప్పులోని చారు నుంచి వచ్చిందనుకున్నాను. అది సగమే.

మిగతా సగం తర్వాతి సెషన్లో బయటపడింది. దసరా రోజు గురించి మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాను, ఈసారి ఏదీ మార్చాలన్న ఉద్దేశం లేకుండా. తమ్ముడి మాట దగ్గరకు వచ్చి ఆగిపోయింది. జామెట్రీ బాక్సు తెరిచి అందులోంచి గజ్జె తీసి బల్ల మీద పెట్టింది. "నేను నాలుగు ముద్దలు తిన్న మేడం. బాగుంది అని కూడా అన్న."

అందరికంటే ఎక్కువ తనమీదే కోపం ఆ పిల్లకు. ఇన్ని నెలలుగా అది ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అందరినీ నిందిస్తే ఆ నాలుగు ముద్దల బరువు కాస్త తగ్గుతుంది.

పనిచేసినవి

ఇక్కడి నుంచి పనిని విడదీశాను. తిండి, రక్తం, బరువు ఒకటి. అబద్ధం ఒకటి. దుఃఖం ఒకటి. మాంసం తినడం తప్పా ఒప్పా అన్న ప్రశ్న ఇంకొకటి. ఇన్నాళ్లూ ఇవన్నీ ఒకే కంచంలో కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది పిల్లల డాక్టరుకు అప్పజెప్పాను. ఐరన్ మాత్రలు, నులిపురుగుల మాత్ర, బీ12. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, భోజనం అయిన వెంటనే టీ తాగకపోవడం. బీ12 క్యాప్సూల్ రాసిస్తే పాప వెనక్కి తెచ్చింది. పైన ఉండే మెత్తటి తొడుగు జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసిన జిలాటిన్‌తో చేస్తారని ఎక్కడో చదివింది. నిజమే. డాక్టరు విసుక్కోకుండా మాత్రకు మార్చారు. బీ12ను బాక్టీరియాతో తయారుచేస్తారని చెప్తే పాప ముఖం వెలిగింది. ఆ ఒక్క మార్పుతో పాపకు డాక్టరు మీద వచ్చిన నమ్మకం, నా నాలుగు సెషన్లలో రాలేదు.

వంట విషయంలో ఒకటే కోరాను. పాప తినే కూర పాప కళ్ల ముందే వండాలి. కొన్నాళ్లకు తనే పోపు వేయడం నేర్చుకుంది. వేరే గరిటె, వేరే దాక పెట్టుకున్నారు. అమ్మకు మొదట ఇది అంటు పాటించినట్టు అనిపించి కష్టపడింది. పాప నమ్మకం తిరిగొచ్చేదాకే అని ఒప్పించాను. నెల తిరగకుండానే 900 గ్రాములు పెరిగింది.

అబద్ధం విషయం నాన్నతో మాట్లాడాను. క్షమాపణ చెప్పమంటే దేనికి అని అడిగారు, సరైన ప్రశ్నే. మేకను కోసినందుకు చెప్పమని నేను అనలేదు. అది తప్పని ఆయన నమ్మడం లేదు, నమ్మనిదానికి క్షమాపణ చెప్పిస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. చుక్కను అమ్మామని చెప్పినందుకు, తెలియకుండా తినిపించినందుకు, పప్పులో కలిపినందుకు మాత్రం చెప్పాలి. వీటికి ఆయన వెంటనే ఒప్పుకున్నారు. నా ఎదురుగానే కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుని, "నీకు చెప్పకుండ చేసింది తప్పు బిడ్డా. ఇంకోసారి నీ కంచంల నీకు తెల్వనిది ఏదీ రాదు" అన్నారు. పాప ఏమీ అనలేదు. ఆ రాత్రి ఇంట్లో వంకాయ కూర తిందని అమ్మ ఫోన్ చేసి చెప్పింది.

నానమ్మ విషయం మిగిలింది. పాప ఆవిడనే అసలు దోషి అనుకుంటోంది. పాలపీక చేతికిచ్చింది ఆవిడే, అమ్మకుండా ఇంట్లోనే కోయిద్దాం అన్నదీ ఆవిడే. వీళ్లిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టే ముందు కోడల్ని అడిగాను, అత్తగారు పండగ రోజు ఎలా ఉంటారని. చెప్పాల్సినంత సంగతి కాదన్నట్టుగా అంది: "ఆమె పండుగనాడు అన్నం తినదు మేడం. కడుపుల బాగలేదంటది. ప్రతిసారి అంతే."

ప్రతిసారి? ఏ పండగైనా? కాదు, ఇంట్లో పెంచినది కోసిన పండగ మాత్రమే. బయట నుంచి కొనుక్కొచ్చిన మటన్ అయితే ఇష్టంగా తింటుంది.

నానమ్మను విడిగా పిలిచి ఇదే అడిగాను. చాలాసేపు కొంగు అంచు వేళ్లకు చుట్టుకుంటూ కూర్చుంది. "నా చేతులతోని పెంచినదాన్ని నేను ఎట్ల తింట బిడ్డా? నలభై ఏండ్ల సంది ఒక్క ముక్క ముట్టలే. పిల్లలు తినాలె కదా, పండుగ కదా, అందుకని చెప్పలే." ఇంకో మాట కూడా అంది: "అమ్మితే యాడికి తోల్కపోతరో, ఎన్ని దినాలు నీళ్లు లేకుంట ఉంచుతరో. ఇంట్ల అయితే నేను పక్కన ఉంట."

నా పనిలో చాలా మాటలు విన్నాను. ఈ మాటకు నేను సిద్ధంగా లేను. జంతువుల్ని ప్రేమిస్తూనే తినడం అనే వైరుధ్యానికి మనస్తత్వ శాస్త్రంలో పేరుంది, దానితో మనుషులు ఎలా సర్దుకుంటారన్న పరిశోధనలూ ఉన్నాయి. ఎక్కువమంది చేసేది చూడకపోవడం. నేనూ అదే చేస్తాను. ఆదివారం దుకాణంలో నల్ల కవర్లో కట్టి ఇచ్చింది తెచ్చుకుంటాను, దానికి ముఖం ఉండదు. ఆ ముసలావిడ అలా తప్పించుకోలేదు. పెంచింది, పక్కన నిలబడింది, ఆ రోజు పస్తు ఉంది, ఎవరికీ చెప్పలేదు.

ఆ మాట పాపకు చెప్పాలా వద్దా అన్నది నేను నిర్ణయించే విషయం కాదు. నానమ్మనే అడిగాను. చెప్తానంది. చెప్పేటప్పుడు ఇద్దరి మధ్యా నేను ఒక్క మాట కూడా కలపలేదు. పాప విని, "మరి ఎందుకు కోసినవ్?" అని అడిగింది. నానమ్మ దగ్గర జవాబు లేదు. "గట్లనే అయితది బిడ్డా, నాకు గదే తెలుసు" అంది. అప్పుడు పాప తన నాలుగు ముద్దల సంగతి ఆవిడకు చెప్పింది. ఇద్దరూ ఏడ్చారు. గజ్జె నానమ్మ చేతిలో పెట్టి మళ్లీ తీసుకుంది.

రాజీ అక్కడితో పూర్తి కాలేదు. మెల్లగా, ఒక గుడ్డు దగ్గర మళ్లీ మొదలైంది. బడిలో మధ్యాహ్న భోజనంలో ఇచ్చే గుడ్డు తినొచ్చా అని పాప నన్ను అడిగింది. ఫారం గుడ్లలో పిల్ల పుట్టదు, అక్కడ పుంజులుండవు అని చెప్పాను. "ఆ కోళ్లు ఎట్లుంటయి?" అని అడిగింది. ఇక్కడ కాసేపు తడబడ్డాను. హిమోగ్లోబిన్ చూస్తే గుడ్డు తింటే బాగుంటుంది. నిజం చెప్తే మానేస్తుంది. కానీ ఈ పిల్ల ఆరోగ్యం పాడైందే తిండి విషయంలో పెద్దవాళ్లు దాచినందుకు. చెప్పాను. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న రాష్ట్రాలు మనవి. ఆ కోళ్లలో ఎక్కువ భాగం రెక్క చాపే చోటు లేని పంజరాల్లో ఉంటాయి. గుడ్లు పెట్టే జాతిలో పుట్టిన మగ కోడిపిల్లల్ని, గుడ్లు పొదిగించే హేచరీలో చాలావరకు మొదటి రోజే చంపేస్తారు. పాప వారం రోజులు ఆలోచించింది. వాడకట్టులో తిరిగే నాటుకోళ్ల గుడ్లయితే తింటానంది. అయితే అక్కడ పుంజు ఉంటుంది కదా, మరి లోపల పిల్ల?

దీనికి నా దగ్గర తేలికైన సమాధానం లేదు. నానమ్మ దగ్గర ఉంది. "పొదుగెయ్యని గుడ్డుల పిల్ల కాదే. ఏ పూట పెట్టింది ఆ పూట తీస్తే అది వట్టి గుడ్డే" అంది. అది శాస్త్రపరంగా కూడా సరైనదే, పొదిగే వేడి తగలకపోతే పిల్ల పెరగదు. ఆ రోజు నుంచి పక్కింటి కోడి గుడ్డు పెట్టగానే వెళ్లి తెచ్చేది నానమ్మే.

నన్ను నేను దాచుకోకపోవడం

ఒక రోజు పాప అడిగింది, "మీరు తింటరా మేడం?" మన శిక్షణలో ఇలాంటి ప్రశ్నను తిరిగి వాళ్లకే వేయమంటారు. ఈ కేసులో అది దాచడమే అవుతుంది. తింటాను అన్నాను. "ఏమనిపించదా?" అంది. ఎక్కువగా అనిపించదు, ఎందుకంటే నేను చూడను, నువ్వు చూశావు అన్నాను. పాప తల ఊపింది. ఆ తర్వాత కూడా నా దగ్గరకు వస్తూనే ఉంది.

తోటి నిపుణులకు ఈ కేసులో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. పిల్ల "తినను" అన్నప్పుడు భయమా, అసహ్యమా, దుఃఖమా, నమ్మకమా అన్నది ముందు తేలాలి. నాలుగింటికీ బయటికి కనిపించే గుర్తు ఒకటే, మూసుకున్న నోరు. తేలేదాకా చికిత్స మొదలుపెట్టకూడదు. బరువు ఎప్పుడు తగ్గిందన్నది తేదీలతో రాసుకోవాలి, నేను ఆ పని మొదటి రోజు చేసి ఉంటే పాపకు ఆరు వారాలు కలిసొచ్చేవి. నమ్మకం అని తేలిందని ఆ పిల్లను వేదిక ఎక్కించకూడదు కూడా. ఆ పొగడ్త ఇంట్లో ఎవరి మీద దెబ్బగా పడుతుందో మనకు తెలియదు. మనం శాకాహారులమైనా, మాంసాహారులమైనా మన కంచం మన తీర్పులోకి వస్తుంది. నేను తింటాను కాబట్టే తినకపోవడాన్ని మొదట జబ్బు అనుకున్నాను.

కొన్ని తేలలేదు. పోతులు అమ్మడం ఆపలేదు, ఆపే పరిస్థితి ఆ ఇంట్లో లేదు. పాపకు అది ఇష్టం లేదు, ఇష్టం లేదని చెప్తూనే ఉంది. ఒప్పందం ఒక్కటే: ఏదైనా కొట్టం దాటే ముందు పాపకు చెప్పాలి. ఈ ఏడాది రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ పాప ముందురోజు తుమ్మకాయలు తెచ్చి పెట్టింది. ఒకసారి సంతలో వాహనం ఎక్కించేదాకా నానమ్మతో వెళ్లింది.

మొన్న దసరా అయ్యాక వచ్చారు. బరువు 38.2, హిమోగ్లోబిన్ 12.1. ఖోఖో జట్టులో మళ్లీ ఆడుతోంది. పండగనాడు ఇంట్లో పెంచినది కోయలేదు, వాటా వేసి బయట నుంచి తెచ్చారు. మామూలుగా అయితే నానమ్మ తినేదే. ఈసారి మనవరాలితో వెనక అరుగు మీద కూర్చుని పప్పుచారు తిందట. మర్నాడు బంధువుల ఇంట్లో మాత్రం మటన్ తింది. పాప పక్కనే పెరుగన్నం తింటోంది. నానమ్మ లేస్తుంటే తను ముందే లేచి, చెయ్యి కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు పోసిందని అమ్మ చెప్పింది.